దాదీ సల్ల చెంబు

ఇందులో ప్రతి అక్షరం నిజం. శామీర్‌పేట చెరువు నీళ్లు దోసిట పట్టి ఒట్టేస్తాను. 2012 ఎండాకాలం ఆ చెరువులో దోసెడు నీళ్లు దొరక్కపోతే అది నా తప్పు కాదు.

అత్వెల్లిలో మా పక్కన ఒక ముసలి దాదీ ఉండేది. ఏ ఇంట్లో పిల్లను కొడుతున్న చప్పుడైనా చెంబు పట్టుకుని ఆ ఇంటికి పోయి సల్ల అడిగేది. మజ్జిగకు వచ్చిన మనిషిని వట్టి చెంబుతో పంపకూడదని మావాళ్ల పట్టింపు. ఎత్తిన చెయ్యి దించి ఆ చేత్తోనే సల్ల పోయాలి. ఈలోగా పిల్ల దాదీ వెనక చేరేది. ఎక్కడో వేరే ఊళ్లో, కండ్లకోయలో చెయ్యి లేస్తే అత్వెల్లిలో దాదీ చెంబు కడిగేది. ఎదురింటి పిల్ల కోసమే ఆమె ఎక్కువగా నడిచింది.

దాదీ చనిపోయింది. ఎదురింటాయన స్లాబు వేసి, ప్రహరీ కట్టి, ఇనుప గేటు పెట్టించాడు. ఆ పిల్ల ఏడుపు మళ్లీ వినిపించలేదు.

పిల్లల్ని కొట్టడం తగ్గిందని చాయ్ హోటల్లో అందరూ ఒప్పుకున్నారు. చట్టం వచ్చిందని ఒకరు, ఒకరిద్దరే పిల్లలు కాబట్టి ముద్దెక్కువైందని ఒకరు, ఫోన్లకు కెమెరాలొచ్చాయని మరొకరు. నిజమే కావచ్చు. బడిలో బెత్తంతో ఇప్పుడు మ్యాపు చూపిస్తున్నారు, నేనే చూశాను.

"గోడలు గూడ లేసినయి గదా" అన్నాను.

"నీయన్ని పరాష్కాలే, కాకా" అని అందరూ నవ్వారు.

మర్నాడు ఎదురింటి పిల్ల మండే ఎండలో పొడుగు చేతుల అంగీతో కిరాణా కొట్టుకు వచ్చింది. ఉడకపోస్తలేదా బిడ్డా అంటే తల దించుకుని పోయింది. సాయంత్రం దాదీ వాళ్లింట్లో ఆ చెంబు అడిగి తెచ్చి, ఎదురింటి గేటు తట్టాను. లోపల టీవీ మోగుతోంది. తండ్రి వచ్చాడు, గేటు తీయలేదు.

"తమ్మీ, జర సల్ల పోయరాదు."

"ఇప్పుడు సల్ల ఏడిదన్నా? అన్ని పాకెట్ పాలే. దుకాణంల అడుగు."

ఆయన లోపలికి పోయాక టీవీ ఇంకా పెద్దగా మోగింది. పోలీసులకు ఏమని చెప్పను? చూసింది పొడుగు చేతులు, విన్నది టీవీ. పైగా నా మాట నమ్మేవాడు మేడ్చల్ మండలంలోనే లేడు.

కదలబోతుంటే గేటు కింది సందులోంచి చిన్న చెయ్యి ఒక గ్లాసు జరిపింది. నిండా సల్ల. "నాయిన ఇప్పుడు కొడ్తలేడు, పెదనాయినా" అని గొంతు వినబడింది.

ఇక ఒప్పుకుంటాను. కండ్లకోయ ముచ్చట కాదు, నేను కల్పించింది ఆ గ్లాసు, ఆ గొంతు. గేటు కిందనుంచి ఏ చెయ్యీ రాలేదు. చెంబు వట్టిదే తిరిగిచ్చాను.