చేత్తో తిప్పే లెన్స్

మా ఆయన మస్కట్ పోయేటప్పుడు ఇంట్ల ఇడిచిపెట్టిపోయిన సామాన్ల ఒక పాత కెమెరా ఉండె. రీలు వేసి తీసే రకం. దాని షట్టర్ ఎప్పుడో పట్టేసింది, ఎంత నొక్కినా పడది. ముందటి లెన్స్ మాత్రం నిగనిగలాడుతుండె.

ఆయన మా పెండ్లికి ముందు నుంచీ బోధన్‌ల ఒక ఫొటో స్టూడియోల పని చేసిండు. అందరి చేతులకు ఫోన్లు వచ్చినంక స్టూడియోకు వచ్చేటోళ్లు తగ్గిండ్రు. మూసేసిన రోజు సేటు ఆ కెమెరా తెచ్చి ఆయన చేతుల పెట్టి, "ఇంకెవలకిచ్చినా పాత సామాన్లోనికేస్తరు, నువ్వే ఉంచుకో" అన్నడట. ఆయన దాన్ని మెత్తటి గుడ్డల చుట్టి స్టీలు డబ్బాల పెట్టిండు. చెమ్మ పట్టకుండ పక్కన ఇన్ని బియ్యం మూటగట్టి పెట్టిండు. తర్వాత కొన్నాళ్లు ఆ పని ఈ పని చూసి, ఏదీ కుదరక, మస్కట్‌ల బిల్డింగుల ఏసీలు బాగుచేసే పనికి పోయిండు.

నేను నిజామాబాద్‌లనే ఉన్న. బస్టాండ్ దగ్గర ఒక కండ్లద్దాల దుకాణంల పని చేస్త. డాక్టర్ రాసిచ్చిన నంబర్ చూసుడు, దగ్గరి చూపు పరీక్ష చేసుడు, కంటికీ కంటికీ నడుమ దూరం కొలుసుడు, ఫ్రేము చెవుల మీద సరిగ్గ కూసునేటట్టు వంచుడు నా పని. మా బిడ్డ డిచ్‌పల్లి యూనివర్సిటీ హాస్టల్ల ఉండి చదువుకుంటది, ఐతారం ఐతారం వస్తది.

నా తమ్ముడు పెండ్లిళ్లకు ఫొటోలు తీస్తడు. వాడు కొత్త కెమెరా కొనుక్కొని, పాత డిజిటల్ కెమెరాను మా బిడ్డకిచ్చిండు. లెన్సులు తన దగ్గరనే ఉంచుకున్నడు. బిడ్డ దాన్ని ఇంట్ల పడేసి పోయింది. లెన్స్ లేని కెమెరా అంటే పన్ను ఊడిన నోరు తీరు ఉండె. శుక్రవారం ఆయనకు సెలవు. వీడియో కాల్ల మాట్లాడుకుంట మాటల్ల మాటగ ఆ సంగతి చెప్పిన.

ఆయన మంచం మీద పండుకున్నోడు లేచి కూసున్నడు.

"మన డబ్బాల లెన్స్ ఉన్నది సూడు, అది దీనికి పడ్తది."

"గది రీలు కెమెరాది గద?"

"అయితే ఏంది? అద్దం అద్దమే. రెండిటికీ నడుమ ఒక రింగు కావాలె. బిడ్డకు చెప్పు, ఫోన్ల చూసి తెప్పిస్తది."

చాన దినాల తర్వాత ఆయన గొంతుల హుషారు విన్న. అక్కడి పని గురించి అడిగితే "నడుస్తున్నది" అంటడు, తిండి గురించి అడిగితే "తిన్న" అంటడు. ఆ రోజు మాత్రం లెన్స్ గురించి చెప్తనే ఉన్నడు. డబ్బాలకెల్లి తీసి వెలుతురుకు పెట్టి చూడుమన్నడు. లోపట సన్నగ బూజు పోగులేమన్న ఉన్నయా అని అడిగిండు. ఒక మూలకు జరంత ఉన్నదంటే, "పొద్దుగాలటి ఎండ సూపియ్యి, ఎక్కువ గాదు. తుడిచేటప్పుడు మాత్రం మీ దుకాణంల అద్దాలు తుడిచే గుడ్డతోనే తుడువు" అన్నడు.

రింగు వచ్చింది. పెట్టి నొక్కితే కెమెరా తియ్యలే. లెన్స్ పెట్టలేదు, పెట్టుమని స్క్రీన్ మీద చూపెట్టింది. అటు చేతుల ఇనుప గుండు తీరు బరువు ఉన్నది, ఇటు కెమెరా లేదంటున్నది. ఆయన ఆ కెమెరాను ఎన్నడూ ముట్టలే. అయినా ఫోన్ల నాతోని మెనూ మొత్తం ఒక్కొక్క లైను చదివిపిచ్చుకున్నడు. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంట చదువుతుంటె, "ఆగు ఆగు, గదే. లెన్స్ లేకున్నా తియ్యి అని ఉన్నది సూడు. గది ఆన్ చెయ్యి" అన్నడు. చేసిన. టక్కుమని పడ్డది. ఇద్దరం నవ్వినం.

మొదటి ఫొటోలన్నీ మసకనే. ఫోన్ తీరు తనంతట తనే ఫోకస్ పట్టుకునే లెన్స్ కాదది. లెన్స్ మీది రింగు చేత్తో తిప్పాలె, జరంత ఎక్కువ తిప్పితే ముక్కు మంచిగొచ్చి కండ్లు పోతయి. ఆయన చెప్పిండు, "మొహం మొత్తం పట్టాలె అనుకోకు, రాదు. నీకు దగ్గరున్న కన్ను పట్టుకో. గది వస్తే మనిషి వచ్చినట్టే."

మా పక్కింట్ల ఒక పెద్దక్క ఉంటది. డిచ్‌పల్లి మిషన్ దవాఖాన వంటింట్ల పని చేసి రిటైర్ అయింది. ఒక ఐతారం ఆమె చర్చి నుంచి తెల్ల చీరల వస్తుంటె ఆపి, మా గల్మల, తలుపు ముందట, కుర్చీ వేసి కూసోబెట్టిన. నేను రింగు తిప్పుకుంట, కొంచెం ముందటికి, కొంచెం వెనుకకు ఊగుకుంట ఆమె కన్ను వెతికిన. ఆమె కదలకుండ కూసున్నది. చివరికి ఒకటి మంచిగొచ్చింది. చూపెడితే ఫొటోను చాన సేపు చూసి, "నా మొహాన్ని ఇంతసేపు ఎవ్వలూ చూడలే బిడ్డా" అన్నది. నేను చాయ పెట్టిచ్చిన.

ఆ ఫొటో ఆయనకు పంపిన. మెచ్చుకుంటడనుకున్న. కానీ ఆయన అక్కను కొంచెంసేపే చూసి, "వెనుక ఎర్రగ కనవడేది ఏంది?" అని అడిగిండు. ఆ లెన్స్ పూర్తిగ తెరిచి తీస్తే వెనుకవన్నీ కరిగి రంగుల ముద్ద అయితయి.

"బకెటు. నీళ్ల నల్లా కాడ పెట్టిన."

"మన పాత బకెటేనా? చెవి ఇరిగింది?"

"అదే."

"దాని పక్కన పచ్చగ?"

"తులసి చెట్టు. కుండీ మార్చిన."

"ఓ. కుండీ మార్చినవా." ఇల్లు తనకు చెప్పకుండ ఎటో జరిగిపోయినట్టు అన్నడు.

చలికాలం మొదట్ల చెరుకు పూత తియ్యుమన్నడు. "ఆ పూత దూరం నుంచి బూరుగు దూది తీరు కనవడ్తది. దగ్గరికి పోయి చూస్తే ఒక్కొక్క పోగుకు ఊదారంగు ఉంటది. సేటు ఒక్కసారి తీసిండు, నేను పక్కన నిలబడి చూసిన." ఆయనోళ్ల ఊరు బోధన్ అవుతల. నేను పెండ్లయి వచ్చినప్పుడు బస్సు కిటికీలకెల్లి చూస్తే రోడ్డుకు అటూ ఇటూ చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ ఆగినంక చెరుకు పోయి అంతా వరి అయింది. ఆయన అన్న, మా బావ, మాత్రం నీళ్ల బాయి కాడ ఒక చిన్న ముక్కల చెరుకు ఉంచుకున్నడు, ఇంటోళ్లు తినెటందుకు.

పొద్దుగాల మొదటి బస్సుకు పోయిన. దగ్గరి ఫొటోకు లెన్స్‌ను ఉల్టా పెట్టాలెనని ఆయన ముందే చెప్పిండు. నడుమ పెట్టిన రింగు తీసేసి, లెన్స్ ముందటి మొహాన్ని కెమెరా దిక్కు తిప్పి, చేత్తోనే అదిమి పట్టుకోవాలె. అప్పుడు రింగు తిప్పుడుతోని పని లేదు, మనమే ముందుకు వెనుకకు జరగాలె. ఊపిరి తీసుకున్నా బొమ్మ పోతది. నేను ఒడ్డు మీద మోకాళ్లేసి, చెరుకు గడను కిందికి వంచి పట్టుకున్న బావను కదలొద్దని బతిమిలాడుకుంట తీసిన. బావ నవ్వి, "వాడు గాడ కూసొని నీతోని గిట్ల పని చేపిస్తున్నడా" అన్నడు.

స్క్రీన్ మీద చూస్తే ఆయన చెప్పింది నిజమే. తెల్ల పోగుల నడుమ సన్నటి ఊదా రంగు, అందుల మంచు బొట్టు, ఆ బొట్టుల తలకిందులుగ ఆకాశం. ఆయన ఆ ఫొటోను అటూ ఇటూ జరిపి చూసిండు. తర్వాత, "జర ఎడమకు తిప్పి తీస్తే మా బాయి వస్తుండె" అన్నడు.

ఆ దినాల్లనే ఇంకొకటి నా మనసుల పడ్డది. వీడియో కాల్ల ఆయన మొహం చిన్నగవుడు మొదలైంది. మొదట్ల ఫోన్ మొహం ముందట పెట్టుకొని మాట్లాడేటోడు. రాను రాను చెయ్యి సాచి పట్టుకున్నడు. తర్వాత ఎదురుంగ అల్మార మీద పెట్టి, తను మంచం మీద కూసునుడు అలవాటు చేసుకున్నడు. నాకు ఆయనకంటే ఎక్కువ ఆ గది కనవడేది. గోడకు ఏలాడే బట్టలు, రెండంతస్తుల మంచం, ట్యూబులైటు. మనిషి నడుమ చిన్నగ. దగ్గరికి రమ్మని అడగనీకి నాకు మనసొప్పలే. అక్కడ ఉండీ ఉండీ నా మీద ధ్యాస తగ్గిందా అని ఒక్కదాన్నే కూసొని అనుకున్న దినాలున్నయి.

ఆయన సెలవు మీద వచ్చిండు. బిడ్డ హాస్టల్ నుంచి వచ్చింది. మొదట్ల ఇల్లంతా చుట్టాలు, నాకు ఆయనతోని సరిగ్గ మాట్లాడనీకి కూడ దొరకలే. అంతా పోయినంక ఒక పగటి పూట డాబా మీదికి తీస్కపోయిన. నీళ్ల ట్యాంకు నీడల కుర్చీ వేసిన. ఎదురుంగ సున్నమేసిన గోడ మీద ఎండ పడి వెలుతురు మెత్తగ మొహం మీదికి వస్తుండె.

"నన్నేం తీస్తవ్, ముసలోన్ని?"

"కూసో. నువ్వు నేర్పిందే గద."

మా కెమెరాల ఒక బటన్ నొక్కితే చూసేది పెద్దగవుతది, ఫోకస్ సరిచూసుకునెటందుకు. నొక్కిన. స్క్రీన్ నిండ ఆయన ఎడమ కన్నే వచ్చింది. రెప్పల వెంట్రుకలు, మూలకు ఎర్ర జీరలు. ఇంత దగ్గరికెల్లి ఆయన్ను చూడక ఎన్ని ఏండ్లయిందో. మెల్లగ పైకి జరిపిన. కనుబొమ్మ నడుమ వెంట్రుకలు లేకుండ ఒక గీత కనవడ్డది.

"ఇదేంది?"

"ఏది?"

"కనుబొమ్మల ఈ గీత. పోయేటప్పుడు లేకుండె."

చెయ్యి పెట్టి తడుముకున్నడు. "ఓ, గదా. పోయిన కొత్తల. ఏసీ డబ్బా దించుతుంటె మూల తగిలింది. కుట్లేసిండ్రు. మానేదాక వీడియో పెట్టలే, ఉత్త ఫోనే చేసిన."

"నాకు చెప్పలే."

"చెప్తే నువ్వేం చేస్తుంటివి? ఏడుస్తుంటివి."

"ఏడిస్తే ఏమైతది? ఏడుస్తుంటి."

అక్కడ ఆయనకు కుట్లేసే పూట ఇక్కడ నేను ఏం వండుకున్ననో, ఎవరితోని నవ్వుకుంట మాట్లాడిననో అని ఆలోచన వచ్చింది. రింగు పట్టుకున్న చెయ్యి అట్లనే ఉండిపోయింది. కాసేపటికి ఆయనే, "తియ్యి మరి, ఎండ పోతది" అన్నడు. తీసిన. నవ్వలే ఆయన, నేరుగ నా దిక్కే చూసిండు.

తర్వాత లేచి వచ్చి, "ఇటియ్యి, నువ్వు కూసో" అని కెమెరా తీసుకున్నడు. ఆ లెన్స్ పట్టుకునుడే వేరు. ఎడమ అరచెయ్యి కింద పెట్టి, రెండు వేళ్లతోని రింగును చూడకుండనే తిప్పుతడు. నేను కుర్చీల కూసున్న. ఆయన తిప్పుతనే ఉన్నడు. ముందటికి పోయిండు, వెనుకకు వచ్చిండు. నొక్కి, చూసుకొని, మళ్ల తిప్పిండు.

"లెన్స్ పాతదైపోయింది" అన్నడు. "ఫోకస్ నిలబడ్తలేదు."

తీసుకొని చూసిన. నా వెనుక తీగ మీద ఆరేసిన చీర అంచు పోగు పోగు కనవడ్తున్నది. నా మొహం మాత్రం మసక. అన్నిటిల్ల అంతే. నాకు అనుమానమొచ్చింది. నా ఫోన్ల ఒక మెసేజ్ తీసి, చదువుమని ఇచ్చిన. ఆయన చెయ్యి నిటారుగ సాచి పట్టుకున్నడు.

"గంత దూరం ఎందుకు పట్టుకున్నవ్?"

"గట్లయితెనే అక్షరం కనవడ్తది."

"ఫోన్ల నన్ను చూసేటప్పుడు గూడ గంతేనా?"

"మరి? దగ్గరికి తెస్తే మసకైతవ్. దూరం పెడితే చిన్నగైతవ్" అన్నడు మామూలుగ. "ఏదో ఒకటిలే, గొంతు ఇనవడ్తది గద."

నేను కుర్చీలనే కూసుండిపోయిన. నలబై దాటినోళ్లకు ఇది రోజూ దుకాణంల చెప్పే మాటనే. దగ్గరి చూపు తగ్గుతది, అద్దాలు పెట్టుకోండ్రి అని. అల్మార మీద ఫోన్ పెట్టి అంత దూరంల కూసున్న మనిషి నన్ను తప్పించుకుంటలేడు, చూడనీకి తండ్లాడుతున్నడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుసుకున్న. "ఏమైంది, ఏమైంది" అని ఆయన పరేషాన్ అయిండు.

తెల్లారి దుకాణానికి తోలుకపోయిన. మా ఓనర్‌కు చెప్పి, స్టూలు మీద కూసోబెట్టి, నేనే చూసిన. అద్దాలు మార్చుకుంట, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అందరిని అడిగినట్టే అడిగిన. కింది లైను సన్న అక్షరాలు గడగడ చదివిండు. చదివి, అట్ల తల ఎత్తి నా మొహం దిక్కు చూసిండు.

"నీకు గదుమ మీద మచ్చ ఉండెనా?"

"పెండ్లప్పటి సంది ఉన్నది."

"ఉండె ఉండె" అన్నడు. చూపు తియ్యలే. ఎనుక లైన్ల నిలబడ్డ ఆమె నవ్వుతుంటె నాకే సిగ్గయింది.

మిగిలిన దినాలు కెమెరా నా చేతికి రాలే. అద్దాలు పెట్టుకొని చాయ పోస్తుంటె నన్ను, జడ ఏసుకుంటుంటె బిడ్డను తీసిండు. ఊరికి పోయి ఆయన బాయిని ఆయనే తీసుకున్నడు. అన్నీ మంచిగొచ్చినయి. డాబా మీద తీసిన మసకవి చూసి, "ఇవి కొట్టెయ్, ఎవలన్న చూస్తే నేను స్టూడియోల పని చేసిన్నంటే నమ్మరు" అన్నడు.

పోయే రోజు లెన్స్‌ను సూట్‌కేసుల పెట్టబోయిన. తీసి పక్కకు పెట్టిండు. "ఆడ ఏం తీస్త? ఏసీ డబ్బాలా? ఈడనే ఉండనియ్యి." కండ్లద్దాలు ఇంకొక జత పెట్టిన, అది మాత్రం కాదనలే. బస్సు కదిలేదాక కిటికీల చెయ్యి పెట్టుకొని కూసున్నడు. నేను ఆ చెయ్యి మీద చెయ్యి పెట్టుకొని కింద నిలబడ్డ.

ఇప్పుడు శుక్రవారం ఫోన్ చేస్తే స్క్రీన్ నిండ ఆయన మొహమే. నాకు జ్వరం వస్తే నేను చెప్పకముందే కనుక్కుంటున్నడు. కండ్ల కింద నలుపు చూసి నిద్రపోతలేవా అని తిడుతున్నడు. ఇంత దగ్గరికి వచ్చినంకనే దూరం ఇంకింత తెలుస్తున్నది. ఫోన్ పెట్టేసినంక కొంచెంసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాదు. ఇంకెన్నాళ్లు అని నేను అడుగుత, బిడ్డ చదువు అయిపోనియ్యి అని ఆయనంటడు. వచ్చినంక బోధన్‌ల మళ్ల స్టూడియో పెడ్తనంటడు. ఎవలొస్తరయ్య అంటే, నువ్వున్నవ్ గద అంటడు.

మొన్న బిడ్డ వచ్చినప్పుడు నా ఫోన్ తీసుకొని, తెరిచి, "ఇదేందమ్మా, గిన్ని మంచి ఫొటోలున్నయి గద, స్క్రీన్ మీద ఈ మసకది పెట్టుకున్నవ్? నీ మొహమే కనవడ్తలేదు" అన్నది.

"మీ బాపు తీసిండు" అని, ఫోన్ ఆమె చేతులకెల్లి తీసుకున్న.