ప్రభు బల్ల మీది ఉప్పు

గత నెల విశాఖపట్నంలో మా అమ్మాయి వెళ్లే చర్చిలో, ఆరాధన నడుమ ఒక యువకుడు తెర మీద బొమ్మలు చూపిస్తూ వేడెక్కుతున్న భూమి గురించీ, పెరుగుతున్న సముద్రం గురించీ చక్కగా మాట్లాడి, ఈ పాపంలో మనమందరం భాగస్థులమేనని ముగించాడు. చుట్టూ ఉన్నవాళ్లు మెల్లగా తలలూపారు. నాకు మాత్రం ఆ "అందరం" అన్న మాట దగ్గర పాతికేళ్ల నాటి అనుమానమొకటి మళ్లీ కదిలింది. అందరూ కలిసి ఒప్పుకున్న పాపాన్ని ఏ ఒక్కరూ దిద్దుకోనక్కరలేదన్న సంగతి నాకు భావనపాడుకు ఇవతల, సరుగుడు తోటల మధ్యనున్న ఒక చిన్న మత్స్యకార పల్లెలో తెలిసివచ్చింది.

అప్పట్లో నేను టెక్కలిలో ఉండి, ఉద్దానం పల్లెల బావుల్లో నీటి లోతు కొలిచి, నీటిని సీసాలకు పట్టి, అందులోని లవణాలను పరీక్షించే ఉద్యోగం చేసేవాణ్ణి. నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పలాస జీడితోటలు మొదలుకొని సముద్రపు ఒడ్డు దాకా ఏ ఊరికి వెళ్లినా నీటి మీదే అనుమానం. కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన మనిషి లేని వీధి అరుదు కనుక, నేను సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తుంటే జనం నీటిని వదిలి నా ముఖంలోకి చూసేవారు. ఏదీ తేలకుండా నోరు జారకూడదన్న జాగ్రత్త నాకు అక్కడే అలవడింది.

మా చిన్నమావయ్య ఆ మత్స్యకార పల్లెలో పాస్టరు. శనివారం పని అటువైపు పడితే రాత్రికి వాళ్లింట్లోనే ఉండి, ఆదివారం ఆరాధన చూసుకుని తిరిగి వచ్చేవాణ్ణి. తుపాను నీరు ఊళ్లోకి వచ్చిపోయిన తరువాత ఆ తీరంలో బావులన్నీ ఉప్పుబడ్డాయి. వానలు పడేకొద్దీ ఉప్పు కిందికి దిగి, సముద్రానికి దగ్గరగా ఉన్న పక్కపల్లె బావి సహా అన్నీ క్రమంగా తేరుకున్నాయి. మావయ్య పల్లె బావి, సముద్రానికి మరింత ఎడంగా ఉన్నది, తేరుకున్నట్టే తేరుకుని మళ్లీ ఉప్పెక్కసాగింది. ఆ రెండోసారి మొదలైన కాలమూ, పల్లె వెనుక పల్లపు భూమిలో రొయ్యల చెరువులకు ఉప్పునీరు పెట్టిన కాలమూ ఒకటే. ఆ చెరువులు మావయ్య చర్చి సంఘపెద్దవి. చర్చికి వరండా కట్టించినవాడు, ముందు వరుసలో కూర్చునేవాడు.

ఆడవాళ్లు ఇసుకలో పడి పక్కపల్లెకు నడిచి, అక్కడివాళ్ల దెప్పిపొడుపులు భరించి బిందెలు నింపుకునేవారు. నడవలేని ముసలివాళ్లు ఆ ఉప్పునీళ్లే తాగేవారు. ఈ సంగతి చెబుతూ మావయ్య నా కళ్లలోకి చూడలేదు. "సముద్రం పెరుగుతున్నాది కదరా అల్లుడూ, మనమేటి సేత్తాం" అన్నాడు. ఆ ఏడాదంతా ఆయన ప్రసంగాలు కూడా అదే దారిన నడిచాయి: సృష్టికి మనం యజమానులం కాము, కావలివాళ్లం, గాలినీ నీటినీ పాడుచేసిన మానవజాతి పశ్చాత్తాపపడాలి. వినడానికి చాలా బాగుండేది. అన్నింటికన్నా గట్టిగా ఆమెన్ చెప్పేది మాత్రం సంఘపెద్ద. ఆ ఆమెన్ విన్న ప్రతిసారీ, ప్రసంగం ఎవరి కోసం తయారవుతున్నదోనన్న శంక నాలో పెరిగేది. వరండా వైపు చూస్తే అది మరింత పెరిగేది.

మరొక సంగతి కూడా నన్ను తొలిచేది. నెల మొదటి ఆదివారం అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకు మా అత్తయ్యే ఎండుద్రాక్షలు నానబెట్టి, మరిగించి, రసం వడగట్టేది. బావి పాడైనప్పటి నుంచి, పవిత్రమైన పనికి మంచి నీళ్లుండాలంటూ సంఘపెద్ద టెక్కలి నుంచి ఒక క్యాను తెచ్చి ఇచ్చేవాడు. బావి నీళ్లు తాగొచ్చని ఊరితో వాదించే మనిషికి ఈ భక్తి ఎందుకు కలిగిందో నాకు అంతుపట్టేది కాదు.

ఒక శనివారం సాయంత్రం అత్తయ్య ఇచ్చిన టీ ఎన్నడూ లేనంత రుచిగా ఉంది. ఏ నీళ్లని అడిగితే, "క్యాను నీలేరా, తాగు" అని ఊరుకుంది. మరునాటి ప్రభు బల్లకు నీళ్లెలా అన్నాను. "నీకెందుకురా" అంది.

మరునాడు చిన్న గాజు గిన్నెలు వరుసగా అందరి చేతికీ వచ్చాయి. రసం గొంతు దిగగానే నాలుక మీద ఉప్పు నిలిచిపోయింది. నేను సంఘపెద్ద వైపే చూస్తున్నాను. ఆయన మింగాడు, గిన్నెలోకి చూశాడు, ఆరాధన ముగిసేదాకా ఆగి, గుమ్మం దగ్గర అత్తయ్యను గొంతు తగ్గించి అడిగాడు.

"ఏటమ్మా, రసం ఉప్పగున్నాదేటి?"

"ఊరి బావి నీలు బావూ. ఈలంతా రోజూ తాగతన్నయ్యే."

"మరి నేను తెచ్చిన నీలో?"

"సుట్టానికి టీ ఎట్టీసేను."

చేపలు ఎండబెట్టుకుని బతికే ఒక ముసలమ్మ కర్ర మీద వంగి నవ్వింది. "మాకలవాటైపోనాది బావూ. నీకు ఇయ్యాలే కదేటి మొదలు, మెల్లగా అలవాటవుద్దిలే" అంది. మిగిలిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావయ్య ముఖం చూస్తే అత్తయ్య ఆయనకూ ముందుగా చెప్పలేదని అర్థమైంది.

తరువాతి వారం నేను పనిగట్టుకుని వెళ్లాను. పాపపు ఒప్పుకోలు ప్రార్థనలో మావయ్య ఎప్పుడూ మానవజాతి తరపున క్షమాపణ అడిగేవాడు; ఆ రోజు, మా చెరువుల నుంచి పొరుగువాడి బావిలోకి దిగిన ఉప్పును క్షమించమని అడిగాడు. ఆమెన్ ఆలస్యంగా, పలచగా వచ్చింది. ముందు వరుస నుంచి వచ్చిందో లేదో ఎంత చెవి పెట్టినా నాకు తేలలేదు. ఆ వేసవిలో సంఘపెద్ద బావికి దగ్గరగా ఉన్న చెరువును ఎండగట్టేశాడు. రొయ్యలకు తెగులు వచ్చినందుకేనన్నాడు. వానలు వెళ్లేసరికి బావిలో ఉప్పు తగ్గుముఖం పట్టడం నా పరికరంలో నేనే చూశాను. ఏడాది తిరగకుండా మావయ్యను ఏజెన్సీ కొండల్లోని సంఘానికి మార్చారు. మామూలు బదిలీయేనని పెద్దలు చెప్పారు. నేను నమ్మలేదు, కాదని చూపగల ఆధారమూ దొరకలేదు.

మావయ్య, అత్తయ్య ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ పల్లెకు మొన్నీమధ్య వెళ్లి వచ్చాను. బావికి సిమెంటు మూత వేశారు. ఇంటింటికీ ఆటోలో నీళ్ల డబ్బాలు వస్తున్నాయి, పక్కపల్లెకు ఎవరూ బిందె పట్టుకుని వెళ్లడం లేదు, అందుకు సంతోషించాను. బావి ఎందుకు మూశారని ఒక కోడలు పిల్లను అడిగితే, సముద్రం పెరిగిపోయింది కదా, అందుకే ఉప్పుబడిందని చెప్పింది. వెనుక పల్లంలో చెరువులు మునుపటికన్నా ఎక్కువగా మెరుస్తున్నాయి. ఒడ్డున నాకు తెలిసిన సరుగుడు వరుస కూడా లేదు. సముద్రం నిజంగానే లోపలికి వచ్చింది. ఆనాడు ఒక బావిని మరొక బావితో పోల్చి ఈ ఉప్పు ఫలానావారిదని తేల్చుకోగలిగాను. ఇప్పుడు రెండు ఉప్పులూ కలిసిపోయాయి, ఆ పిల్ల మాటను కాదనడానికి నా చదువు చాలలేదు. మూత ఎత్తి, అత్తయ్యలా ఆ నీటిని ఎవరి నోటికైనా అందించే మనిషి కూడా ఆ ఊళ్లో నాకు కనబడలేదు.