కొల్లేటి నుంచి వచ్చిన ముసలి పిల్లి

మొన్న మా వీధి చివర కొత్తగా తెరిచిన కొట్లో పిల్లుల తిండి పొట్లాలు రంగురంగులుగా వేలాడుతుంటే చూసి అక్కడే నిలబడి నవ్వుకున్నాను. మన రోజుల్లో పిల్లికి వేరే తిండేమిటండీ, మనం తిన్నదే అదీ తినేది! తినకపోతే ఎంత కంగారో మాత్రం ఒక ముసలి పిల్లి వల్ల నాకు బాగా తెలిసొచ్చింది.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేసిన ఏడాది మీకూ గుర్తుండే ఉంటుంది. చెరువు కాపలా ఉండే మా బాబాయికి పని పోయింది. కామవరపుకోటలో కూతురింటికి వెళ్లిపోతూ, గట్టు మీది పాకలో తనతోపాటే ముసలిదైపోయిన పిల్లిని వదిలేయలేక, గోనెసంచిలో పెట్టుకుని ఏలూరులో మా ఇంటికి తెచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చూడ్డానికి వస్తానంటూ కళ్లు తుడుచుకుని వెళ్లాడు.

సంచి మూతి విప్పగానే అది మంచం కిందికి దూరింది. పాలు పోస్తే చూడలేదు, పెరుగన్నం ముట్టలేదు, బజారుకెళ్లి ఏరి తెచ్చిన పరిగె చేపలు పెట్టినా మూతి తిప్పుకుంది. దాని డొక్కలు ఎండిపోతుంటే, ఇది కాస్తా పోతే బాబాయికి ఏం మొహం చూపించనురా దేవుడా అని బడిలో పాఠం చెబుతున్నా నాకు అదే ధ్యాస!

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. కొత్తగా కొన్న డైనింగ్ టేబుల్ దగ్గర ఉక్కపోత భరించలేక, మా అత్తగారు చేపల పులుసన్నం కంచంతో గుమ్మం దగ్గర నేల మీదే చతికిలబడ్డారు. నేనూ ఎదురుగా కూర్చున్నాను. అంతే! మంచం కింది నుంచి ముందు మీసాలు, ఆ తర్వాత చిరిగిన చెవి బయటికొచ్చాయి.

“కదలకే అమ్మాయ్! వస్తోంది, వస్తోంది!” అన్నారు అత్తగారు గొంతు తగ్గించి.

వచ్చి ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చుంది. ముల్లు తీసి పెట్టిన ముక్క గబగబా తినేసి, ఇంకా పెట్టమని అరిచింది కూడానూ! ఎంగిలి చేత్తోనే చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. పాకలో బాబాయి కింద కూర్చుని తింటుంటే ఆయన పక్కనే తినేదని అప్పుడు తట్టింది. పాపం, ఎవరూ తోడు లేకుండా దానికి ముద్ద దిగడం లేదు.

మర్నాడు బాబాయి వచ్చేసరికి అందరం కిందే వరసగా కూర్చున్నాం; పిల్లి పరుగున పోయి ఆయన ఒళ్లోకి ఎక్కింది, ఆయన అన్నం తినకుండా నవ్వుతూనే ఉన్నాడు. అది బతికున్నన్నాళ్లూ మా టేబుల్ ఇస్త్రీ బట్టలకే పనికొచ్చింది. దాని పుణ్యమా అని, మొదట్లో సణిగిన మావారితో సహా ఇంటిల్లిపాదీ ఒక్కచోట కబుర్లాడుకుంటూ తిన్నాం. ఎంత సందడో!

ఇప్పుడు ఎవరి కంచం వారి గదిలోకి వెళ్లిపోతోంది. ఎవరినీ తప్పుపట్టను గానీ, ఒక్కదాన్నీ కూర్చుని తినడం నాకూ ఇంకా అలవాటు కాలేదండీ.