మాస్టారి మీద వేసిన శాలువా

పూర్ణా మార్కెట్లో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని. భూమిలోకి ప్రకంపనలు పంపి లోపల ఏముందో కనిపెట్టే భూభౌతిక శాస్త్రం ఎలాగో చదివాను గానీ, మా శాస్త్రవేత్తల సంఘానికి నాతో పడిన అవసరం అది కాదు. ఏటా సభలో ప్రసంగాలకు సమయం అయిందని కొట్టే గంట నా చేతికే ఇస్తారు. ఇరవై నిమిషాలు అడిగినవాడికి ఎనిమిది అంటాను, పన్నెండు దగ్గర తెగుతుంది. ఇద్దరం గెలిచామనుకుంటాం.

ఒక ఏడు భోజనాలకు ముందు చివరి ప్రసంగం గోపాలపట్నం అమ్మాయిది. అదే ఆమె మొదటి పరిశోధన పత్రం. ఉద్యోగం ఇవ్వగల పెద్ద అధికారి ముందు వరసలో ఉన్నాడు, తినగానే విమానానికి వెళ్లిపోతాడు. ఆమెకు ముందు మైకు పట్టుకున్నది మా అందరికీ పాఠం చెప్పిన మాస్టారు. ఆయన సమయం ఎప్పుడో అయిపోయింది. గంట కొట్టాను. మళ్లీ కొట్టాను. అక్కర్లేని చప్పుడు వడగట్టి అసలు సంకేతం పట్టుకోవడమే మా విద్య, అది మాకు నేర్పింది ఆయనే. నా గంటను శుభ్రంగా వడగట్టేశారు.

అమ్మాయి నా కుర్చీ వెనక్కి వచ్చి మెల్లగా అంది: "సార్, మాస్టారు ఆపకపోతే నా సంగతేటి?"

కొట్టు కట్టేసే వేళ కబుర్లు తెమలనివాళ్ల కోసం మా నాన్న షట్టరు సగం దించేవాడు. సభలో షట్టరు ఎక్కడ? సాయంత్రం మాస్టారికే చేయాల్సిన సన్మానానికి తెచ్చిన శాలువా బల్ల మీద ఉంది. వన్ టౌన్లో శాలువాల కొట్టు భాయ్ దగ్గర నేనే గీచి గీచి బేరమాడాను. ఆ ధరకి గుచ్చుకునే రకమే వస్తుందని ఆయన ముందే చెప్పాడు కూడా. భుజాల మీద శాలువా పడ్డాక మన సభల్లో ఇక ప్రసంగం ఉండదు. వెళ్లి కప్పేశాను. చప్పట్లు, ఫొటో.

మాస్టారు మైకు చేత్తో మూసి అన్నారు: "ఏట్రా ఇది? నాను అసలు సంగతికి ఇంకా రానేలేదు."

"భోజనాలయ్యాక మళ్లీ పెడతాను మాస్టారూ. అరగంట."

"గంట."

"ముప్పావు."

"సరే, కానీ."

రేవు బయట సముద్రం అడుగున ఇసుక కింద రాయి ఎంత లోతులో ఉందో అమ్మాయి చక్కగా చూపించింది. అధికారి విస్తరి దగ్గర కూడా ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడు చేరగలవని అడిగాడట.

తిన్నాక అందరూ యారాడ బీచి చూడ్డానికి బస్సెక్కేశారు. నిమిషాలు తేల్చుకున్నాను గానీ, వినేవాళ్లెవరో తేల్చుకోలేదు. హాల్లో మాస్టారు, నేను. ముప్పావు గంట కాస్తా దాటి ఎక్కడికో పోయింది. గంట నా చేతిలోనే ఉంది, కొట్టి లాభం లేదని తెలుసు.

చివరికి ఆయన దిగివచ్చి, శాలువా తీసి నాకు కప్పారు.

"కడదాకా కూకున్నావు. ఇది నీకే సెందాల్రా."

భాయ్ అబద్ధం చెప్పలేదు. ఇంటికెళ్లేదాకా మెడ గోక్కుంటూనే ఉన్నాను.