పౌడరు రాసిన సోట

దాలయ్య గురించి సెప్పాలంటే ముందు ఆడు ఎవరెవర్ని కొట్టేడో సెప్పాల. ఆమదాలవలస టేసను రోడ్డులో ఆడిది మాంసం కొట్టు, దాని పక్కన నాది కుట్టు కొట్టు, మజ్జిన ఒక రేకు అడ్డం. తూకం తగ్గిందన్న తాపీమేస్త్రిని కొట్టేడు. కొట్టు ముందు ఆటో ఆపినోడిని కొట్టేడు. కుక్కలకి ఎముకలు ఎయ్యొద్దన్న పెద్దమనిసిని నడుం పట్టుకుని ఎత్తి కాలవలోకి తోసేసేడు. ఒకసారి ఇద్దరు కర్రలట్టుకుని మీదకి ఒస్తే, ఆ కర్రలు లాక్కుని ఆళ్ళని రైలు గేటు దాకా తరిమేడు. కత్తి మేకకే, మనుసులకి సెయ్యి సాలు అనేవోడు. నా పేరు దుర్గాభవాని. నా నోటికి ఈ రోడ్డంతా దడుస్తాది. ఆడిని ఆ రేకు మీద గుద్ది మరీ తిట్టేదాన్ని, అక్క వరసని నా మాటకి మాత్రం "తప్పయిపోనాదప్పా" అనేవోడు.

ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకునేవోరు. ఊరందర్నీ కొడతాడు గానీ పెళ్ళాం మీద సెయ్యెత్తడు అని. నానూ అదే అనేదాన్ని.

పెళ్ళాం అనూరాధ. శ్రీకూర్మం పక్క పల్లెలో వరి పండించే ఇంటి పిల్ల. అన్న తిరుమలరావు ధాన్యం అమ్మడానికి ఇక్కడికి ఒచ్చినప్పుడు తోడు ఒచ్చేది. అలగ ఒచ్చి ఒచ్చి ఒకనాడు ఇంటికి ఎళ్ళనేదు. గుడిలో దండలు మార్చుకున్నారు, ఫొటో తీసే నాథుడు నేడు. కబురు తెలిసిన సాయంత్రం తిరుమలరావు సెల్లి ఫొటోలన్నీ కళ్ళంలో పోగేసి కిరసనాయిలు పోసి కాల్సేసేడు. బడిలో తీసినవి, సిన్నప్పుడు తాత ఒళ్ళో కూకోబెట్టి తీసింది, ఏదీ ఒగ్గనేదు. తర్వాత ధాన్యం కొట్ల దగ్గిర ఎదురుపడి, కావిడి బద్దతో దాలయ్య ఈపు మీద ఒకటిచ్చేడు. దాలయ్య ఆ బద్ద లాక్కుని బావమరిది ముందుపళ్ళు రాలగొట్టేడు. అనూరాధ మజ్జిన నిలబడి ఇద్దర్నీ తిట్టింది. అప్పట్నించి ఆ పిల్లకి పుట్టిల్లు నేదు. వదినతో మాత్రం దొంగసాటుగా ఫోన్లో మాటాడుకునేది.

మద్దేన్నం బేరాలు నేనప్పుడు నా కొట్లోకి ఒచ్చి కూకునేది. సంచుల మీద, జాకెట్టు గుడ్డల మీద పత్రికల్లో బొమ్మలు దించడం నాను ఫోన్లో సూసి నేర్చుకున్నాను. సగం సాయం దానిదే. జెలటిన్ పొడి, గ్లిజరిన్ కలిపి కాసి పళ్ళెంలో పోస్తే, సల్లారేక మెత్తటి పలక అవుతాది. "మేక కాళ్ళు ఉడకబెడితే మా కొట్లో ఇదే కదప్పా" అనేది. ఆ పలక మీద నల్ల రంగు రోలరుతో పల్సగా రాయాల. పత్రికలో బొమ్మ సింపి దానిమీద బోర్లించి, సేత్తో రుద్ది, ఎంటనే లాగెయ్యాల. కాయితం తెల్లగా ఉన్న సోట రంగుని తాగేస్తాది, సిరా ఉన్న సోట తాగదు. తాగకుండా మిగిలిన రంగే పలక మీద బొమ్మ అవుతాది. అది ఆరేక పైన తెల్లరంగు రాసి గుడ్డ పరిసి లాగితే బొమ్మ గుడ్డకి ఎక్కుతాది. కాయితం మాత్రం మరి పనికిరాదు. అందులో తెలుపు ఉన్నదంతా నల్లగా మాడిపోద్ది.

ఆ పత్రికలు తిరగేస్తానే ఒకనాడు వంటల పోటీకి తలకాయ కూర రాసి పంపింది. రెండో బహుమతి ఒచ్చింది. వారపత్రికోళ్ళు ఫొటోకి మనిసిని పంపుతామన్నారు. దాని ముందురోజు రేకు అవతల ఏదో ఠంగుమని పడింది, ఎంటనే ఏదో పగిలింది. ఏటే అని అరిసేను. "ఫోనప్పా. ఆయన ఇసిరేసేడు" అంది. అంతే అంది. తెల్లారి ఫొటోకి ఒచ్చింది సూడండి, మొఖం నిండా పౌడరు. పెళ్ళికూతురివేటే అని ఎక్కిరించేను. "ఫొటోలో నల్లగా పడతానప్పా" అని నవ్వింది. కూర గిన్నె పట్టుకుని ఆ నవ్వుతోనే ఫొటో దిగింది. పత్రికలో అరపేజీ ఏసేరు.

ఇంకొకటి సెప్పాల. దాలయ్యకి పాతకాలం తక్కెడ, ఇనప గుండ్లు. ఆ రోజుల్నించే కిలోకి రెండు అరకిలో గుండ్లు పెట్టి తూసేవోడు. కిలో గుండు ఏదిరా అంటే పోనాదప్పా అన్నాడు. ఇనప గుండు ఎవుడెత్తుకుపోతాడు అనుకున్నాను, అక్కడితో మర్సిపోయేను.

మరుసటి వానాకాలం ఇసజొరం ఒచ్చి అనూరాధ శ్రీకాకుళం ఆస్పత్రిలో పోయింది. నాలుగు రోజులు నాను పక్కనే ఉన్నాను. ఎవురి తప్పూ కాదు, జొరమే. శవం ఇంటికి రాగానే తిరుమలరావు పెద్ద మందతో దిగేడు. "నా సెల్లిని కొట్టి సంపేసేవురా" అని దాలయ్య గొంతు పట్టుకున్నాడు. పాడె పక్కనే ఇద్దరూ దొర్లేరు. కుండ పగిలింది, ఎవుడిదో సెయ్యి ఇరిగింది. దాలయ్య నోట్లో రక్తంతోనే లేసి, "కూర్మనాథసామి సాచ్చిగా నా సెయ్యి దానిమీద పడనేదు" అని ఒట్టేసేడు. నాను జనం మజ్జికెళ్ళి అరిసేను. "పక్క కొట్లో ఉన్నదాన్ని, నాకు తెల్దేటి. కొట్టనేదు" అన్నాను. నా మాట మీద జనం నమ్మేరు. తిరుమలరావు నమ్మనేదు.

యేడాది తిరిగింది. యేడూడికి, అదే సంవచ్చరీకానికి, ఫొటో ముందర కొత్త సీర, పసుపు కుంకం పెట్టాల కదా. ఫొటో ఏది? అన్న కాల్సేసేడు, మొగుడు ఫోను బద్దలు కొట్టేసేడు. ఆధార్ కార్డు ఉన్నాది కదా అంటారేమో, అందులో అది అనూరాధ అని దాని దేవుడు కూడా పోల్సలేడు. ఉన్నదల్లా ఆ వారపత్రిక కాయితం. దాలయ్య దాన్ని స్టూడియోకి అట్టుకెళ్ళి పెద్దది సెయ్యమన్నాడు. మొఖం నిండా అచ్చు సుక్కలు తేలేయి. నా పెళ్ళానికి మసూసికం పోస్తావా అని దాలయ్య ఆడి అద్దాల బల్ల గుద్ది బద్దలు కొట్టేడు. ఆ సేతికి కట్టు కట్టుకుని నా కొట్లోకి ఒచ్చేడు.

“అప్పా, దాని పసుపురంగు నూలు సీర ఉన్నాది. దానిమీద దించు” అన్నాడు.

“ఒక్కసారే పడతాదిరా. తప్పితే బొమ్మా ఉండదు, కాయితమూ ఉండదు” అన్నాను.

ఆడు కాయితం ఏపు సూసి, నా ఏపు సూసి, ఎళ్ళిపోయేడు. మర్నాడు ఒచ్చి సీర ముక్క నా బల్ల మీద పెట్టేడు. మేకల్ని అంత తేలిగ్గా కోసే మనిసి, ఆ కాయితం మడత ఇప్పడానికి ముందు సేతులు సొక్కాకి రెండుసార్లు తుడుసుకున్నాడు.

ఈ కబురు తిరుమలరావుకి ఎవురు మోసేరో మరి. నాను పలక మీద రంగు రాయబోతన్నాను, ఆటో దిగి సరాసరి లోపలికి ఒచ్చేసేడు. నా సెల్లి మొఖానికి రంగులు పుయ్యడానికి నువ్వెవుడివిరా అని కాయితం లాగేడు. దాలయ్య అటు లాగేడు. మూల సిరిగింది. ఆ సిరిగిన సప్పుడికి దాలయ్యకి బుర్ర తిరిగిపోయింది. రేకు అవతలకి ఎళ్ళి మాంసం కత్తి అట్టుకొచ్చేడు. మనుసులకి సెయ్యి సాలు అన్నోడే. మొదటి ఏటు తిరుమలరావు సెవి మీంచి పోయింది, సెవి తమ్మె ఏలాడింది. రెండోది నా పలక మీద పడింది. తిరుమలరావు నా కత్తెర తీసి దాలయ్య తొడలో దిగేసేడు. జాకెట్టు గుడ్డల కట్టల మీద రక్తం. ఇద్దరూ ఎద్దుల్లాగ రొప్పుతున్నారు, కాయితం కిందపడి ఉన్నాది, ఎవుడి కాలు దానిమీద పడతాదో తెల్దు.

నాను ఇస్త్రీ పెట్టె ఎత్తేను. అది కాలతన్నాది.

“ఎవుడు కదిల్తే ఆడి మొఖం మీద పెట్టేస్తాను. దాన్ని బతికినన్నాళ్ళూ ఇద్దరూ కలిసి సింపేరు. ఇప్పుడు మిగిలిన ముక్క కూడా సింపుతారురా” అన్నాను. నాకు కళ్ళంట నీళ్ళు కారిపోతన్నాయి, సెయ్యి మాత్రం దించనేదు.

ఇద్దరూ గోడకానుకుని కూకున్నారు. నానే తీర్పు సెప్పేను. బొమ్మ దించుతాను, గుడ్డ మొగుడికి, కాయితం అన్నకి. కాయితం నల్లబడిపోద్దని తిరుమలరావుకి ముందే సెప్పేను. “నల్లబడితే నల్లబడనీ. అది అచ్చయిన కాయితం నా ఇంట్లో ఉండాల” అన్నాడు. ఎవురి గాయానికి ఆళ్ళు గుడ్డ సుట్టుకున్నారు.

పలక ముక్కలు ఏరి, గిన్నెలో కరిగించి, రక్తం పడింది తీసేసి, పల్సటి గుడ్డలో వడగట్టి మళ్ళీ పోసేను. అది గట్టిపడే దాకా ఇద్దరూ నా కొట్లోంచి కదల్నేదు. ఒకడు లేస్తే రెండోవోడు లేసేవోడు. టీ తెప్పిస్తే తాగేరు, ఒకడి మొఖం ఒకడు సూసుకోనేదు.

నల్ల రంగు రాసేను. కాయితం బోర్లించేను. అరసేత్తో రుద్ది లాగేసేను. పలక మీద అనూరాధ తేలింది. కళ్ళు, జుత్తు, గిన్నె, ఆ నవ్వు, అన్నీ ఉన్నాయి. దాలయ్య నోట్లోంచి ఒక మూలుగు ఒచ్చింది. ఆరనిచ్చి, తెల్లరంగు రాసి, సీర గుడ్డ పరిసి, మళ్ళీ ఆరనిచ్చి లాగేను. గుడ్డ మీదకి ఒచ్చేసింది. పలక మీద అద్దంలోలాగ తిరగబడ్డ కుడి ఎడమలు గుడ్డ మీద సరయ్యేయి. దాలయ్య ఆ గుడ్డని రెండు సేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.

తిరుమలరావు తన కాయితం తీసుకుని గుమ్మం ఎలుగులోకి ఎళ్ళేడు. అక్కడే ఆగిపోయేడు.

“ఇదేటి” అన్నాడు.

నాను ఎళ్ళి సూసేను. మొఖమంతా పల్సగా బూడిదరంగు పట్టింది. ఎడం కనుబొమ్మ పైన మాత్రం దట్టంగా, నల్లగా, సగం గుండ్రంగా ఒక మచ్చ. రంగు ముద్దకట్టిందేమో అని ఏలితో తడిమేను. ముద్ద కాదు. అక్కడ కాయితం మిగతా సోటు కంటే తెల్లగా ఉండబట్టి అంత రంగు తాగింది. అక్కడెందుకు అంత తెల్లగా ఉన్నాది అనుకున్నాను. అప్పుడు తట్టింది. పౌడరు. మొఖం అంతా రాసి, ఆ ఒక్క సోట మెత్తి మెత్తి రాసుకుంది. పత్రికలో అది ఎవురికీ కనపడనేదు.

నాను ఎనక్కి తిరిగి దాలయ్య మొఖం సూసేను. ఆడు మచ్చ సూడనే నేదు, నా మొఖం సూసి తెలిసిపోయింది.

“గుండు” అన్నాడు. “కిలో గుండు. మీ ఆవిడితో ఫోన్లో మాటాడతంది బావా. గుండు ఇసిరేను. అది పడిపోయేక ఫోను బద్దలు కొట్టేను. ఒక్కసారే.”

ఆ ఒక్కసారే అన్న మాట నాను నమ్మేనో నేదో నాకే తెల్దు. తిరుమలరావు కాయితాన్ని మళ్ళీ ఎలుగుకి అట్టి సూసేడు. ఇన్నాళ్ళూ ఊరంతటి మీదా అరిసి సెప్పినోడు, నిజం అని తెలిసేక ఆ మచ్చని ఏలితో తుడిసెయ్యబోయేడు.

దాలయ్య కుంటుకుంటా రేకు అవతలకి ఎళ్ళేడు. మాంసం కొట్టే మొద్దు కింద సెయ్యి పెట్టి గోనె ముక్కలో సుట్టింది ఒకటి తీసేడు. తెచ్చి తిరుమలరావు సేతిలో పెట్టేడు. కిలో గుండు.

తిరుమలరావు కొట్టేడు. ఎక్కడ కొట్టాలో కాయితం సూపించింది, అక్కడే కొట్టేడు. కనుబొమ్మ సీలిపోయింది, రక్తం కంట్లోకి దిగింది. దాలయ్య సేతులు అడ్డం పెట్టనేదు. గుడ్డకి రక్తం తగలకుండా రెండు సేతులూ బుర్ర మీదకి ఎత్తి పట్టుకున్నాడు. భుజం మీద పడింది, పక్కటెముకల మీద పడింది, మోకాళ్ళ మీద కూలబడ్డాడు, సేతులు మాత్రం పైనే ఉన్నాయి. నా పక్కన ఇస్త్రీ పెట్టె ఉన్నాది. నాను ఎత్తనేదు.

గుండు కింద పడేసి తిరుమలరావే ఏడుపు ఎత్తుకున్నాడు. దాలయ్య ఆ గుడ్డని ఆడికి అందించేడు.

“ఇది నువ్వు అట్టుకెళ్ళు బావా. కాయితం నాకియ్యి” అన్నాడు.

తిరుమలరావు కాయితం ఆడి ఒళ్ళోకి ఇసిరేసి గుడ్డ తీసుకుని ఎళ్ళిపోయేడు. నాను దాలయ్య బుర్రకి కట్టు కట్టేను. కట్టడం అయ్యేక, జనం మజ్జిన నా సేత అబద్ధం ఆడించినందుకు సెంప మీద నా సత్తువ కొద్దీ కొట్టేను. తప్పయిపోనాదప్పా అన్నాడు. నాకు కాదురా సెప్పాల్సింది అన్నాను.

యేడూడికి నాను ఎళ్ళేను. పీట మీద ఆ కాయితమే పెట్టేడు, దాని ముందు కొత్త సీర. ఒచ్చినోళ్ళు ఈ నల్ల మొఖం ఎవురిదిరా, ఆ మచ్చేటిరా అంటన్నారు. అడిగిన ప్రతి మనిసికీ సెప్పేడు. గుండు ఇసిరేను అని, ఒట్టు దొంగ ఒట్టు అని, పంతులుకీ సెప్పేడు, దాయాది పాలోళ్ళకీ సెప్పేడు. నాను ఒక పక్కన కూకుని ఆ కాయితాన్నే సూస్తన్నాను. ఫొటోలో నల్లగా పడతానప్పా అన్నాది. దాసుకోడానికి అంత పౌడరు రాసింది, పాపం.