గోడ సందులో వెంట్రుకలు

అరవైల మొదట్లో మాట. చింతామణిలో మా అత్తగారింటివాళ్ళకు బట్టల అంగడి. నా గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి వాపుకు బెంగళూరు డాక్టరు మాత్రలు రాసిచ్చి, జుట్టు రాలవచ్చని ముందే చెప్పాడు. తీరా గుప్పెళ్ళతో రాలుతుంటే, నా అనుమానం మాత్రల మీదికి కాక తోడికోడలు రుక్మిణి మీదికి పోయింది.

దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు చుట్టి, వెంట్రుకలు తీసుకుని బదులుగా పిన్నీసులిచ్చే ఆమె కోసం గోడ సందులో దోపడం మా అలవాటు. నావి మాత్రమే మాయమవుతున్నాయి! చేతబడికి ఒక్క వెంట్రుక చాలంటారు. రుక్మిణి ఇచ్చిన కాఫీ కూడా పెరట్లో పారబోసేదాన్ని.

ఒకరోజు ఇంటిల్లిపాది ముందు రుక్మిణిని నిలదీశాను. "నా వెంట్రుకలు యాడ పెట్టినావే? నాకేం చేస్తాండావు?"

నేనే ఆమె ట్రంకుపెట్టె లాగి తెరిచాను. పాతగుడ్డలో సగం కట్టిన సవరం ఉంది.

"నీ తమ్ముని పెండ్లిలో నలుగురి ముందర తల వంచుకోకూడదని కడతాండానక్కా," అంది.

ఆమె కట్టి ముగించిన ఆ సవరంతోనే పెళ్ళికి వెళ్ళాను. జడ వేసింది రుక్మిణే, ఒక్క మాటా మాట్లాడకుండా. మాత్రలు ఆపాక ఏడాదికి జుట్టు తిరిగి వచ్చింది. ఆమె నోట మళ్ళీ ‘అక్కా’ అన్న పిలుపు రావడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.