సార్ చేయించిన టెస్ట్ కాల్

మా టీమ్ లీడ్ సార్ పోయారని సోమవారం ఉదయం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. గుండెపోటు. నేనప్పుడు తెల్లాపూర్‌లో, తుంపరలో, ఆయన పెట్టించిన పెట్టె ఉన్న స్తంభం కిందే ఉన్నాను. వార్త ఒక్క మాట కూడా తెగకుండా వినిపించింది.

కేబుల్ కోసం రోడ్డు తవ్వనక్కర్లేని మొబైల్ సిగ్నల్ పెట్టె అది. చుట్టుపక్కల ఫోన్లతో మాట్లాడేదీ, ఆ మాటల్ని దూరంగా ఉన్న పెద్ద టవర్‌కు చేర్చేదీ ఒకే స్పెక్ట్రమ్‌తో, అంటే ఒకే రేడియో తరంగాలతో. ఫోన్లకు వాటా ఎక్కువిస్తే టవర్ దారి ఇరుకవుతుంది. మీ ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉండి కూడా మాట తెగిపోయిందంటే, ఇలాంటి ఇరుకే కారణం కావచ్చు. ఎవరికెంతో తేల్చడం మా పని.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. స్పీడ్ అంకెలు చూసి మురిసిపోతుంటే సార్ ల్యాప్‌టాప్ మూసేసేవారు.

"అంకెలు తర్వాత. జర మీ అమ్మకు ఫోన్ కొట్టు."

లింగంపల్లిలో పూలు కట్టుకుంటూ అమ్మ ఎత్తేది. "ఏంది బిడ్డా, మల్ల పరీక్షనా? సార్ పక్కన్నే ఉన్నడా?"

"ఉన్ననమ్మా, చాయ్ గూడ తాగిన," అని సార్ పక్కనుంచి అరిచేవారు.

పెట్టె కొనాల్సిన క్లయింట్ కంపెనీ ఆఫీసర్‌కు డెమో చూపించే రోజున జోరువాన పట్టుకుంది. టవర్ దారి బలహీనపడింది. ఫోన్‌కూ పెట్టెకూ మధ్య స్పీడ్ స్క్రీన్ మీద గొప్పగానే ఉంది. నా ఫోన్‌లో అమ్మ మాట మాత్రం ముక్కలవుతోంది. మేనేజర్ నా పక్కకు వంగారు.

"స్పీడ్ తగ్గిందో, ప్రాజెక్టూ ఉండదు, నీ కాంట్రాక్టూ ఉండదు. చూసుకోమ్మా."

నేను సార్ వైపు తిరిగాను.

"ఫోన్ల వాటా తగ్గియ్యి," అన్నారు సార్. "ఫికర్ జెయ్యకు, చెప్పింది నేను."

తగ్గించాను. స్క్రీన్ మీద అంకె సగానికి పడిపోయింది. ఆఫీసర్ ముఖం ముడుచుకున్నారు. సార్ ఏమీ వివరించకుండా నా ఫోన్ ఆయన చేతికిచ్చారు.

"ఇగ మంచిగ వినవడుతుంది," అంటోంది అమ్మ. "ఎవరు, సారేనా? తిన్నరా?"

"తిన్నానండి," అన్నారు ఆఫీసర్ తడబడుతూ. వాన తగ్గేదాకా అమ్మ ఆయన్ని వదల్లేదు. మాటా తెగలేదు. పెట్టె స్తంభం మీద నిలిచింది, నేను టీమ్‌లో నిలిచాను.

నా పని అవతలి మనిషి దాకా చేరిందా అని అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

సోమవారం ఆ వార్త విన్నాక అమ్మకే ఫోన్ చేశాను.

"బండ్ల చప్పుడు గూడ మంచిగ వినవడుతుంది బిడ్డా, నీ మాటే లేదు. సార్ పక్కన్నే ఉన్నడా?"

పెట్టె అంచు నుంచి వాన నీళ్ళు బొట్లుబొట్లుగా నా భుజం మీద పడుతున్నాయి. లైన్ తెగలేదు.